గోరీల మధ్య గోల్ఫ్

మూడు గోల్ఫ్ మైదానాల గురించి మాట్లాడుకోవాలి. ఒకటి ఢిల్లీలో, మొగలుల గోరీల మధ్య ఉంది. ఒకటి కలకత్తాలో, టిపూ సుల్తాన్ కుటుంబాన్ని తెచ్చి పడేసిన టాలీగంజ్‌లో ఉంది. మూడోది మన హైదరాబాదులోనే, గోల్కొండ కోట గోడల లోపల నయా ఖిలాలో ఉంది. ఈ మూడు చోట్లా పచ్చగడ్డి కింద ఉన్నది మా చరిత్ర అంటున్నాం. ఈ మాట అనగానే రెండు వైపుల నుంచి ప్రశ్నలొస్తాయని మాకు తెలుసు. మీరేమన్నా నవాబుల వారసులా అని ఒకరడుగుతారు. ఆట మైదానంలోకి మతాన్ని ఎందుకు లాక్కొస్తారని ఇంకొకరడుగుతారు. రెండింటికీ జవాబు చెప్తాం. ముందు ఆట సంగతి.

గోల్ఫ్ స్కాట్లండు వాళ్ళ ఆట. జనం విలువిద్య మానేసి ఈ ఆటలో పడిపోతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీన్ని నిషేధించింది. అంటే మొదట్లో ఇది జనం ఆటే. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద, గొర్రెలు మేసే బీళ్ళలో ఆడుకునేవాళ్ళు. రాజులూ దొరలూ చేరాక క్లబ్బులు పుట్టాయి. సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో కుదిరిన 18 హోల్స్ లెక్క తర్వాత లోకమంతటా పాకింది. తెల్లదొరలు పోయిన చోటికల్లా ఈ ఆటను మోసుకుపోయారు. 1829లో కలకత్తాలో పెట్టిన క్లబ్బు, బ్రిటిష్ దీవుల బయట పుట్టిన గోల్ఫ్ క్లబ్బుల్లో అతి పాతదని పేరు.

కర్రతో బంతిని కొట్టడం ఈ దేశంలో అప్పటికి కొత్త కాదు. చౌగాన్ అనే మాట మాకు ఫారసీ నుంచి వచ్చింది. గుర్రం మీద కూర్చుని కర్రతో బంతిని తరిమే ఆట అది. ఢిల్లీ సుల్తాన్ల వంశాలకు మొదటివాడైన కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూనే గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. అదీ రాజుల ఆటే. కాబట్టి గోల్ఫ్ పరాయిది, చౌగాన్ మాది అని మేం వాదించబోవడం లేదు. ఏ ఆటైనా నేలతో ఏం చేస్తుందన్నదే మా ప్రశ్న.

గోల్ఫ్‌కు చాలా నేల కావాలి. 18 హోల్స్ మైదానానికి వంద ఎకరాల పైమాటే. అంత నేలమీద ఒక జట్టుగా నడిచేది ఎక్కువలో ఎక్కువ నలుగురు. ఒక రౌండు పూర్తి కావడానికి నాలుగు గంటలు పడుతుంది. ఒక్కో హోల్‌కూ టీ అనే గట్టు మీంచి బంతిని కొట్టి, కత్తిరించిన గడ్డి మీదుగా నడిచి, ఇసుక గుంటల్నీ నీళ్ళ మడుగుల్నీ తప్పించి, చివర జెండా పాతిన చిన్న గుంతలో వేయాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. వెనకాల సంచీ మోసుకుంటూ కేడీ నడుస్తాడు. బంతి ఎక్కడ పడిందో వెతికేది కేడీ. ఏ దెబ్బకు ఏ కర్ర కావాలో చాలాసార్లు చెప్పేదీ అతనే.

ఈ ఆట రూల్సులో ఒక మాట ఉంది. మనిషి కట్టిన కట్టడం, సులువుగా కదల్చడానికి వీల్లేనిది ఏదైనా బంతికి అడ్డం వస్తే దాన్ని 'కదల్చలేని అడ్డంకి' అంటారు. మామూలుగా అయితే ఆటగాడికి శిక్ష ఉండదు. బంతిని తీసి కొంచెం పక్కన వేసుకుని ఆడుకోవచ్చు. నీళ్ళ గొట్టం మూతకైనా, సిమెంటు బాటకైనా అదే రూలు. ఆ మైదానం వాళ్ళు వేరే రూలు పెట్టుకోకపోతే, నాలుగు వందల ఏళ్ళ గోరీకైనా అదే రూలు.

రూలు తప్పని మేం అనడం లేదు. గోరీ ముందా, గోల్ఫ్ ముందా అని అడగడం ఆట రూల్సు పని కాదు. అది చరిత్ర పని.

ఢిల్లీ: లాల్ బంగ్లా నీడలో

ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు హుమాయూన్ సమాధికీ, నిజాముద్దీన్ దర్గాకూ ఎంతో దూరం కాదు. ఇంగ్లీషువాళ్ళు కొత్త ఢిల్లీ కట్టుకుంటున్న కాలంలో, బాబర్‌పూర్ అనే చోట చెట్లూ శిథిలాలూ కలిసి ఉన్న నేలను ఈ ఆటకు ఎంచుకున్నారు. 1930ల మొదట్లో దాని పేరు లోడీ గోల్ఫ్ క్లబ్బు. 1950లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు పేరుతో సంస్థగా రిజిస్టరయింది. ఇప్పుడు దేశంలో పేరున్న మైదానాల్లో అదొకటి. ఇండియన్ ఓపెన్ పోటీలు ఎన్నోసార్లు అక్కడే జరిగాయి.

ఆ మైదానం లోపల లాల్ బంగ్లా ఉంది. ఎర్ర ఇసుకరాతి గోరీలు. అందులో ఉన్నది మొగలు పాదుషా రెండో షా ఆలం తల్లి లాల్ కున్వర్ అనీ, కూతురు బేగం జాన్ అనీ చెబుతారు. ఆ పాదుషా ఎవరో తెలుగు పాఠకుడికి తెలియాలి. 1765లో బెంగాల్, బీహారు, ఒరిస్సాల దివానీని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది ఆయనే. అదే ఏడాది ఉత్తర సర్కారులకు, అంటే గంజాం నుంచి గుంటూరు వైపు దాకా ఉన్న తీరప్రాంతానికి, ఆయన పేర ఫర్మానా తీసుకున్నాడు క్లైవు. మన కోస్తా తెలుగువాళ్ళ నెత్తిన కంపెనీ కూర్చోవడానికి కాగితం పుట్టింది ఆ పాదుషా ముద్ర కిందే. 1788లో గులాం ఖాదిర్ ఆయన కళ్ళు పొడిపించాడు. గుడ్డి పాదుషాను చివరికి కంపెనీయే తన నీడలో ఉంచుకుంది. అలాంటి మనిషి తల్లి గోరీ చుట్టూ ఆ కంపెనీ వారసులు ఆటస్థలం వేసుకున్నారు.

అదే మైదానంలో సయ్యద్ ఆబిద్ గోరీ ఉంది. బారా ఖంబా ఉంది. వీటి వివరాలన్నీ మనకు దొరుకుతున్నాయంటే కారణం ఒక ముస్లిం ఉద్యోగి. పురావస్తు శాఖలో పనిచేసిన మౌల్వీ జఫర్ హసన్ 1916 నుంచి 1922 దాకా వెలువడిన నాలుగు సంపుటాల్లో ఢిల్లీ కట్టడాలన్నిటినీ, ముస్లింలవీ హిందువులవీ కూడా, ఒక్కొక్కటే తిరిగి రాసిపెట్టాడు. కొత్త రాజధాని కోసం ఊళ్ళకు ఊళ్ళు లేచిపోతున్న రోజులవి. ఆ పట్టిక లేకపోతే ఏ దిబ్బ కింద ఎవరున్నారో చెప్పే దిక్కు ఉండేది కాదు.

1857 తర్వాత ఢిల్లీ ముస్లింలను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. హిందువుల్ని రానిచ్చిన తర్వాత చాలాకాలానికి గాని ముస్లింలను తిరిగి రానివ్వలేదు. జామా మసీదు 1862 దాకా సర్కారు చేతిలోనే ఉంది. జీనతుల్ మసీదును రొట్టెల బట్టీగా వాడుకున్నారు. ఫతేపురి మసీదును వేలంలో ఒక వ్యాపారికి అమ్మేశారు. 1877లో గాని అది మళ్ళీ నమాజుకు రాలేదు. అంటే గోల్ఫ్ మైదానం వేసే నాటికి అక్కడి గోరీలకు దీపం పెట్టే కుటుంబాలు చెదిరిపోయి రెండు తరాలు దాటింది. ఎవరూ రాని గోరీ శిథిలమవుతుంది. శిథిలమైన గోరీ అందమైన దృశ్యమవుతుంది. మైదానం మధ్యలో ఎర్రటి గుమ్మటం బాగుంటుందని దొరలకు అనిపించింది. ఆ అందం వెనకాల 1857 ఉందని క్లబ్బు పుస్తకాలు చెప్పవు.

కలకత్తా: టిపూ బిడ్డల నేల

కలకత్తాలో టాలీగంజ్ క్లబ్బు 1895లో పెట్టారు. క్లబ్బు ఇల్లు అంతకు వందేళ్ళ ముందు ఒక ఇంగ్లీషు కుటుంబం నీలిమందు తోట వేసుకుని కట్టుకున్నది. తోట తర్వాత, క్లబ్బుకు ముందు ఆ ప్రాంతానికి వచ్చినవాళ్ళు టిపూ సుల్తాన్ సంతతి.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిపూ యుద్ధంలో చనిపోయాడు. కొడుకుల్నీ ఇంటివాళ్ళనీ వేలూరు కోటలో పెట్టారు. 1806 జూలైలో వేలూరు సిపాయిలు తిరగబడితే, ఆ నెపం మీద టిపూ కుటుంబాన్ని ఓడలెక్కించి కలకత్తా తోలారు. టాలీగంజ్ చుట్టుపక్కల వాళ్ళకు చోటు చూపారు. ఇప్పటికీ అక్కడ ప్రిన్స్ అన్వర్ షా పేర ఒక పెద్ద రోడ్డుంది. చిన్న కొడుకు గులాం మహమ్మద్ ధర్మతలాలో 1842లో కట్టించిన మసీదు, ఆ తర్వాత టాలీగంజ్‌లో కట్టించిన ఇంకో మసీదు ఉన్నాయి. ఆ కుటుంబంలో తర్వాతి తరాలవాళ్ళు కొందరు రిక్షాలు తొక్కి, చిన్నాచితకా పనులు చేసి బతికారని పత్రికలు చాలాసార్లు రాశాయి.

తెలుగువాళ్ళకు టిపూ దూరపువాడు కాదు. కడప, గండికోట 1792 దాకా ఆయన ఏలుబడిలోనివే. ఆ ఏడాది సంధిలో అవి నిజాంకు పోయాయి. 1800లో నిజాం వాటిని కంపెనీకి దత్తం చేశాడు. సీమ జిల్లాల్లో టిపూ పేరు పెట్టుకున్న బిడ్డలు మా ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ పేరు పెట్టుకున్నందుకు వాళ్ళను అనుమానంగా చూసేవాళ్ళూ ఉన్నారు. టిపూ మంచివాడా చెడ్డవాడా అని ఎన్నికల వేళ వాదించేవాళ్ళు, ఆయన బిడ్డల్ని దించిన ప్రాంతంలో, ఆయన ఓడిన నాలుగేళ్ళు తక్కువ వందేళ్ళకే క్లబ్బు ఎలా వెలిసిందో పట్టించుకోరు. 1799లో ఓడిపోయాడు, 1895లో క్లబ్బు. లెక్క చూసుకోండి.

గోల్కొండ: నయా ఖిలా

ఇక మన ఇంటి సంగతి. గోల్కొండకు పోయినవాళ్ళు బాలా హిస్సార్ గేటు కింద చప్పట్లు కొట్టి, పైన వినిపించిందా లేదా అని చూసి, రామదాసు బందిఖానా చూసి, మెట్లు దిగి వచ్చేస్తారు. కోటకు ఈశాన్యాన ఇంకో కోట ఉందని చాలామందికి తెలియదు. అదే నయా ఖిలా, కొత్త కోట.

అది ఎందుకు పుట్టిందో చూడాలి. 1656లో దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాడు. కోట గోడకు దగ్గరలోనే ఎత్తయిన గుట్ట ఒకటుంది. దాని మీద ఫిరంగి పెడితే గోడ నిలవదు. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆపమనబట్టి ఆ యేడు కోట దక్కింది. అబ్దుల్లా కుతుబ్ షా కోటి రూపాయలకు ఒప్పుకుని, కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చేసి గండం గట్టెక్కాడు. ఆ తర్వాత ఆయన చేసిన మొదటి పని, ఆ గుట్టను లోపలికి కలుపుకుంటూ కొత్త గోడ కట్టించడం. అదే నయా ఖిలా. 1687లో ఔరంగజేబు పాదుషాగా మళ్ళీ వచ్చి ఎనిమిది నెలలు ముట్టడి వేశాడు. ఫిరంగులతో ఆ కోట పడలేదు. లోపలి మనిషి అమ్ముడుపోయి దిడ్డి తలుపు తెరిస్తే పడింది. చివరి సుల్తాన్ తానీషాను దౌలతాబాదు కోటకు తీసుకుపోయి చనిపోయేదాకా అక్కడే ఉంచారు.

ఈ కథలో ఎవరు ఏ మతం? ముట్టడించినవాడు ముస్లిం. ముట్టడిలో ఉన్నవాడు ముస్లిం. ముట్టడికి ముందు ఏడాది దాకా ఆ సుల్తాన్ రాజ్యాన్ని నడిపింది అక్కన్న మాదన్నలనే తెలుగు బ్రాహ్మణ అన్నదమ్ములు. 1686లో వాళ్ళను నడివీధిలో చంపారు. ముస్లిం పాలకులు అని ఒకే గాటన కట్టి, ఆ కట్టతో ఇప్పటి మమ్మల్ని కొట్టేవాళ్ళు నయా ఖిలా గోడ దగ్గర ఒకసారి నిలబడాలి. ఆ గోడ కట్టింది ఢిల్లీ పాదుషాకు అడ్డంగా.

గోడకంటే ముందు కూడా ఆ నేల ఖాళీగా లేదు. లోపల రెండు మసీదులున్నాయి. రెండూ ఇబ్రహీం కుతుబ్ షా కాలానివి, అంటే గోడకంటే దాదాపు వందేళ్ళు పెద్దవి. ఒకటి ముస్తఫా ఖాన్ మసీదు. ఇరాన్ నుంచి వచ్చి ఇబ్రహీం దగ్గర పెద్ద మంత్రి అయినవాడు ముస్తఫా ఖాన్. గోల్కొండకు రాతిగోడలు లేచింది అతని చేతి మీదుగా. రెండోది ముల్లా ఖయాలీ మసీదు. ఖయాలీ కవి. గోల్కొండలో దక్కనీ భాష ఇంకా నడక నేర్చుకుంటున్న రోజుల్లో రాసినవాడు. అతని కవిత్వం మనకు దక్కింది చాలా తక్కువ. మసీదు మిగిలింది.

ఇబ్రహీం అంటే తెలుగు సాహిత్యం చదివినవాళ్ళకు మల్కిభరాముడు. సింహాసనం దక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన సర్దారు అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను, అచ్చతెలుగు కావ్యాల్లో మొదటిదని పేరున్నదాన్ని, అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తాన్లతో కలిసి అదే రామరాయల మీదికి యుద్ధానికి పోయాడు. చరిత్ర ఇలాగే ఉంటుంది. దాన్ని మంచిచెడ్డల పట్టికగా చేస్తే మల్కిభరాముడూ ఉండడు, తెలగనా ఉండడు. దక్కనీ కవి కట్టించిన మసీదు, తెలుగు కవిని ఆదరించిన సుల్తాన్ కాలంలో లేచింది. మా ముస్లిం బిడ్డలకు బడిలో ఈ మాట ఎవరు చెప్పారు? మీ తెలుగు బిడ్డలకు మాత్రం ఎవరు చెప్పారు?

నయా ఖిలాలో ఒక పెద్ద చెట్టుంది. హాతియాన్ ఝాడ్ అంటారు, ఏనుగు చెట్టు. ఆఫ్రికా బావోబాబ్. మాను చుట్టుకొలత 27 మీటర్ల పైచిలుకు. వయసు నాలుగు వందల ఏళ్ళు దాటిందని చెబుతారు. అరబ్బు వర్తకులు కులీ కుతుబ్ షాకు కానుకగా తెచ్చిన మొక్క అని ఊళ్ళో కథ. మాను లోపలి తొర్రలో మనుషులు పట్టేంత చోటుంది. దొంగలు అందులో దాక్కునేవాళ్ళని మా పిల్లలకు చెప్పే కథల్లో ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చి, ఇక్కడి మట్టిలో వేళ్ళు దింపి, నాలుగు వందల ఏళ్ళుగా నిలబడ్డ చెట్టును ఎవరూ వెనక్కి పొమ్మనరు. అది ఇక్కడి చెట్టే.

పక్కనే షా హాతిం తలాబ్ ఉంది. జనం నోట్లో పడి శాతం చెరువయింది. చెరువు కింద, కోట గోడల లోపల నిన్నమొన్నటి దాకా పొలాలుండేవి. వరి పండేది.

ఆ నేల మీదికి 1990ల తర్వాత గోల్ఫ్ వచ్చింది. ప్రభుత్వ పర్యాటక శాఖతో ఒప్పందం మీద గోల్ఫ్ సంఘం మైదానం వేసుకుంది. తర్వాత అది 18 హోల్స్ మైదానంగా విస్తరించింది. రైతుల భూములు పోయాయని, చెరువులో మట్టి పోశారని, రక్షిత కట్టడాల పక్కన యంత్రాలు తిప్పుతున్నారని వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్ళు గొంతెత్తారు. పురావస్తు శాఖ అభ్యంతరం చెప్పింది. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు ఏమీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి లేకుండా కట్టకూడదు. కోట గోడ దగ్గర గుడిసెకు రేకు మార్చుకోవాలన్నా ఈ చట్టం గుర్తుచేసి భయపెడతారని గోల్కొండ బస్తీలోని ఎవర్నడిగినా చెప్తారు. అదే చట్టం గడ్డి పరిచేవాళ్ళతో ఇన్నేళ్ళు బేరాలాడింది.

2014లో పురావస్తు శాఖ నయా ఖిలాలో తవ్వింది. మట్టి కింద కుతుబ్‌షాహీల తోట బయటపడింది. నీళ్ళ కాలువలు, తేట తీర్చే తొట్లు, మట్టి గొట్టాలు, నడకదారులు, ఫౌంటెన్లు. ఒక పక్కకు ఇంకో పక్క అద్దంలో చూసినట్టు సరిపోయేలా వేసిన తోట. ఆ లోపల ఇంకా ఏమేం ఉన్నాయో తవ్వితేగాని తెలియదు. గడ్డి పరిచి రోలరు తిప్పిన చోట తవ్వడం కష్టం. అక్కడ పోయేది ఒక్క మసీదు సున్నమో, ఒక్క గోడ రాయో కాదు. ఇంకా చదవని పుస్తకం పోతుంది.

2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగింది. కింద ఉన్న నదీమ్ కాలనీ, టోలిచౌకి ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. చెరువు చుట్టూ జరిగినదంతా గోల్ఫ్ వాళ్ళ పనే అని మేం అనం. ప్లాట్లు చేసి అమ్ముకున్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. కాని చెరువును చెరువుగా చూడని చూపు అందరిదీ ఒకటే. మునిగింది మాత్రం బస్తీ.

'మా' అంటే ఎవరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మీరు నవాబుల వారసులా?

కాదు. మాలో నూటికి తొంభై తొమ్మిది మంది ఏ పాదుషాకూ ఏమీ కారు. మేం దూదేకినవాళ్ళం, బండలు కొట్టినవాళ్ళం, పంక్చర్లు వేసేవాళ్ళం, బీడీలు చుట్టేవాళ్ళం, ఆటో తోలేవాళ్ళం. తానీషా ఓడినప్పుడు మాకు పోయిన జాగీరు లేదు. కాని నయా ఖిలా గోడకు రాయి ఎత్తినవాళ్ళు ఎవరు? చెరువు కట్టకు మట్టి మోసినవాళ్ళు ఎవరు? శాసనాల్లో సుల్తాన్ పేరుంది, మంత్రి పేరుంది, అక్షరాలు చెక్కినవాడి పేరు కూడా కొన్ని చోట్ల ఉంది. రాయి ఎత్తినవాడి పేరు లేదు. వాడు ముస్లిమో, వడ్డెరో, మాదిగో మనకు తెలియదు. ఆ చరిత్ర మాది అని మేం అంటున్నది ఆ పేరులేనివాడి తరఫున. అందుకే అది మీది కూడా.

అయితే ఒక తేడా ఉంది. ఈ కట్టడాలు పాడైతే అవి దేశం వారసత్వం, పాడుచేసినవాణ్ణి ఎవరూ అడగరు. ఏదైనా తగాదా వస్తే మాత్రం అవి ముస్లింల కట్టడాలు, జవాబు చెప్పాల్సింది మేము. బాబ్రీ మసీదును 1992 డిసెంబరు 6న కూలగొట్టిన రోజు నుంచి మాకు ఈ లెక్క బాగా అర్థమైంది. మసీదును గడ్డపారతో కూలిస్తే లోకమంతా చూసింది. మసీదు చుట్టూ కంచె వేసి, గడ్డి పెంచి, దారి తిప్పితే ఎవరూ చూడరు. మొదటిది ద్వేషం. రెండోది ద్వేషం కాదు, పట్టనితనం. రెండూ ఒకటని మేం అనం. కాని చివరికి మా బిడ్డకు తన ఊరి చరిత్ర అందకుండా చేయడంలో రెండూ పనిచేస్తాయి.

ఇక రెండో ప్రశ్న. ఆటలోకి మతాన్ని ఎందుకు తెస్తారు?

మేం తేలేదు. ఆటలో మావాళ్ళు ముందే ఉన్నారు, సంచీ మోస్తూ. ఢిల్లీ మైదానంలో కేడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో అదే మైదానంలో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళలో ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. 1993లో మళ్ళీ గెలిచాడు. 1998లో కలకత్తా ఆటగాడు ఫిరోజ్ అలీ గెలిచాడు. ఇతరుల బంతులు వెతికి, ఇతరుల కర్రలు తుడిచి ఆట నేర్చుకున్నవాళ్ళు ఇలా దేశానికి కప్పులు తెచ్చారు. గోల్ఫ్ చరిత్రలో మాకు నచ్చే అధ్యాయం ఇదే. గేటు ఏమాత్రం తెరుచుకున్నా బస్తీ పిల్లవాడు ఏం చేయగలడో అలీ షేర్ చూపించాడు.

కాని గేటు మామూలుగా తెరుచుకోదు. అదే ఢిల్లీ క్లబ్బులో 2017 జూన్‌లో, అతిథిగా భోజనానికి వచ్చిన ఒక ఖాసీ మహిళను, ఆమె వేసుకున్న జైన్‌సెమ్ పనిమనిషి బట్టల్లా ఉందని లేచి పొమ్మన్నారు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆమె ముస్లిం కాదు. కాబట్టి ఇది మా ఒక్కరి గోడు కాదని ఎవరికైనా తెలుస్తుంది. టోపీ పెట్టుకున్నవాడు, లుంగీ కట్టుకున్నవాడు, జైన్‌సెమ్ వేసుకున్నది, అందరికీ ఆ గేటు దగ్గర ఒకే చూపు ఎదురవుతుంది.

హైదరాబాదులోనే ఇంకో మైదానం ఉంది, పోల్చి చూడండి. 1687 ముట్టడిలో మొగలు సైన్యం దిగిన చోటు, గెలిచాక ఫతే మైదాన్ అని పేరుపడింది. 1955లో అక్కడ మొదటి టెస్టు మ్యాచి జరిగితే భారత జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీ గులాం అహ్మద్. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఓడించినవాడి విడిదిలో ఇప్పుడు ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటుంది. ఆ నేల మీద ఆటొచ్చి మేలే చేసింది. అక్కడ జనానికి గ్యాలరీ కట్టారు. నయా ఖిలాలో జనానికి కట్టింది కంచె.

గోల్ఫ్ వాళ్ళ పక్కన న్యాయం లేదని కాదు. మైదానం లేకపోతే ఆ నేలలో ఈపాటికి అపార్టుమెంట్లు లేచేవని వాళ్ళంటారు. అందులో నిజముంది. ఢిల్లీలో ఎన్నో గోరీలు గోదాములైపోతే, గోల్ఫ్ మైదానంలోవి నిలబడ్డాయి. గోల్కొండ గోడల మీదే ఇళ్ళు లేచిన చోట్లున్నాయి. వక్ఫు భూముల్ని అమ్ముకున్న ముతవల్లీలు, కళ్ళు మూసుకున్న బోర్డులు మా సమాజంలోనే ఉన్నాయి. కబరస్తాన్లు కబ్జా అయితే నోరెత్తని మా నాయకులు ఉన్నారు. వాళ్ళను కాపాడటానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. కాని నేల మిగలడం వేరు, ఆ నేల మీది జ్ఞాపకం మిగలడం వేరు. కాపలా కాసినంత మాత్రాన కాపలావాడు యజమాని కాడు.

నిజాం కాలంలో 1914లో పురావస్తు శాఖ పెట్టారు. గులాం యజ్దానీ దాన్ని నడిపి, అజంతా బౌద్ధ గుహల్ని కాపాడటానికి ఏళ్ళకేళ్ళు పనిచేశాడు. బుద్ధుడి బొమ్మలు నీవి కావు కదా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా అడుక్కోలేదు. ఆ పద్ధతి ఇప్పుడు కావాలి. ముల్లా ఖయాలీ మసీదును కాపాడమని అడిగే గొంతు ముస్లింలదే కానక్కర్లేదు. మల్కిభరాముడి మీద పద్యం చదివి సంతోషించే తెలుగు మాస్టారు కూడా అడగాలి.

మేం అడిగేవి పెద్దవి కావు. నయా ఖిలాలో మసీదులకీ, చెట్టుకీ, తవ్విన తోటకీ అందరూ వెళ్ళే దారి ఉండాలి. ఒకరి దయ మీద తెరిచే గేటు కాకుండా, పటంలో గీసిన దారి కావాలి. అక్కడ తెలుగులో, ఉర్దూలో బోర్డులుండాలి. ఏ కట్టడం ఎవరిదో, ఎప్పటిదో, ఎందుకు కట్టారో ఆ బోర్డులు చెప్పాలి. తవ్వకం పూర్తయ్యేదాకా కొత్తగా ఒక్క గజం కూడా చదును చేయకూడదు. చెరువు హద్దు రాళ్ళు పాతాలి. భూములు పోయిన రైతులకు లెక్క తేలాలి. గోల్కొండ బడుల పిల్లలకు ఏడాదికొక్కసారైనా అక్కడ చరిత్ర పాఠం జరగాలి. వీటిలో ఏ ఒక్కటీ గోల్ఫ్‌ను ఆపదు. నలుగురు మనుషులు నాలుగు గంటలు ఆడుకోవడానికి పిల్లలు చెట్టు చూడటం అడ్డం కాదు.

ఆట రూల్సులో గోరీ, మసీదు, కోటగోడ కదల్చలేని అడ్డంకులైతే కావచ్చు. మా లెక్కలో అవి సాక్షులు. వాటి దగ్గరికి మా బిడ్డలూ మీ బిడ్డలూ కలిసి నడిచిపోవాలి. ఆ దారి కోసం అర్జీ ఇద్దాం, కోర్టుకైనా పోదాం, గేటు ముందైనా నిలబడదాం.